పాత ఇంట్లో కొత్త పవర్ పాయింట్: 16 ఆంప్స్ లైన్ ఎలా వేయించుకోవాలి

మా నాన్నగారి ఇల్లు 1993లో కట్టింది. వంటింట్లో అప్పటి అవసరానికి మిక్సీకో పాయింటు, ఫ్రిజ్‌కో పాయింటు పెట్టించారు, అంతే. ఆ మధ్య గ్యాస్ అయిపోయిన రోజు అక్కరకొస్తుందని అమ్మకి ఇండక్షన్ స్టవ్ కొన్నాం. ప్లగ్గు చూస్తే పెద్దది, బోర్డులో కన్నాలు చూస్తే చిన్నవి. ఎలక్ట్రీషియన్ని పిలిస్తే పది నిమిషాల్లో చిన్న సాకెట్ పీకి, దాని చోట పెద్దది బిగించి వెళ్ళిపోయాడు. స్టవ్ చక్కగా పనిచేసింది. అందరం సంతోషించాం.

నాలుగు నెలలకి ఒకరోజు అమ్మ ఫోన్ చేసి, "వంటింట్లో చేపల కంపు కొడుతోందిరా" అంది. మా ఇంట్లో గుడ్డు కూడా రాదు. పక్కవాళ్ళ వంట వాసనేమో అనుకున్నాం. రెండో రోజుకి తేలిందేమిటంటే కంపు స్విచ్ బోర్డులోంచి వస్తోంది. సాకెట్లు, వైరు తొడుగులు వేడికి మాడేటప్పుడు సరిగ్గా అలాంటి నీచు వాసనే వస్తుందని ఆరోజే తెలిసింది. బోర్డు విప్పితే పెద్ద సాకెట్ వెనక పాత 1 స్క్వేర్ ఎంఎం (లోపలి రాగి మందం కొలత) వైరు ఉంది. ఎర్ర తొడుగు నల్లబడి, చివర రెండంగుళాల మేర పెళుసెక్కి, గోరు తగిలితే వేరుశనగ పొట్టులా రాలింది. హద్దు మించి కరెంటు పారితే తనంతట తాను పడిపోయి లైన్ ఆపేసే స్విచ్, అంటే ఎంసీబీ, మాత్రం ఒక్కసారి కూడా పడలేదు.

ఆ తర్వాత మా ఇంట్లోను, మా అపార్ట్‌మెంట్‌లోను కలిపి నాలుగైదు పవర్ పాయింట్లు దగ్గరుండి వేయించాను. అందులో నేర్చుకున్నదంతా ఒక్క మాటలో చెప్పాలంటే ఇది: పవర్ పాయింట్ అంటే గోడ మీద కనిపించే సాకెట్ కాదు, డీబీలో, అంటే ఎంసీబీలన్నీ ఉండే పెట్టెలో, ఎంసీబీ దగ్గర మొదలై సాకెట్ దాకా వచ్చే లైన్ మొత్తం. సాకెట్ మార్చినంత మాత్రాన లైన్ మారదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. బల్బు, ఫ్యాను, స్విచ్ చెడిపోతే అలాంటిదే ఇంకొకటి మార్చుకోవచ్చు గానీ, కొత్త లైన్ వేయడం, ఉన్నదాని కెపాసిటీ పెంచడం లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ చేతే చేయించాలని మన కరెంటు నిబంధనలు చెబుతున్నాయి. వైర్‌మ్యాన్ పర్మిట్ ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు. లెక్క వేయడం, సామాను కొనడం, పని దగ్గరుండి చూడడం, చివర్లో పరీక్ష చేయించడం మీ వంతు. వైర్లు కలపడం ఆయన వంతు. ఈ వ్యాసం మీ వంతు గురించి.

మొదట కాగితం మీద లెక్క

మన ఇళ్ళలో సాకెట్లు రెండు రకాలు. చిన్న కన్నాలది 6 ఆంప్స్, పెద్ద కన్నాలది 16 ఆంప్స్. పాతకాలం వాళ్ళు 5 ఆంప్స్, 15 ఆంప్స్ అంటారు, అవి ఇవే. మనకొచ్చే కరెంటు 230 వోల్టులు. వస్తువు మీద రాసి ఉన్న వాట్లని 230తో భాగిస్తే ఎన్ని ఆంప్స్ లాగుతుందో వస్తుంది. చిన్న సాకెట్ హద్దు 6 ఇంటూ 230, అంటే 1380 వాట్లు. పెద్దదాని హద్దు 3680.

ఇప్పుడు ఇల్లంతా తిరిగి వస్తువుల వెనక స్టిక్కర్లు చూడండి. మిక్సీ 500 నుంచి 750 వాట్లు ఉంటుంది, దానికి చిన్న సాకెట్ చాలు. ఫ్రిజ్, టీవీ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇస్త్రీ పెట్టె 1000, ఇదీ చిన్నదాంట్లో సరిపోతుంది, కానీ అదే లైన్ మీద ఇంకేదీ బరువైనది ఉండకూడదు. ఇండక్షన్ స్టవ్ 2000 అంటే దాదాపు 9 ఆంప్స్. స్టోరేజీ గీజర్ 2000, ఇదీ అంతే. చిన్న ఇన్‌స్టంట్ గీజర్ 3000 అంటే 13 ఆంప్స్, చూడ్డానికి బుల్లిదే గాని లాగేది మాత్రం దీనికన్నా మూడింతలున్న స్టోరేజీ గీజర్ కంటే ఎక్కువ. వేడినీళ్ళ సదుపాయం ఉన్న వాషింగ్ మెషీన్ 2000 దాకా వెళ్తుంది. టన్నున్నర ఏసీ రమారమి 1500 నుంచి 1800.

ఎంత లాగుతుందన్నదే కాదు, ఎంతసేపు లాగుతుందన్నదీ చూసుకోవాలి. గీజర్ పావుగంట నడిచి ఆగుతుంది. ఏసీ మే నెలలో రాత్రంతా నడుస్తుంది. ఎలక్ట్రిక్ కారుతో ఇచ్చే పోర్టబుల్ ఛార్జర్ 3.3 కిలోవాట్లదైతే 14 ఆంప్స్ పైన ఏడెనిమిది గంటలు ఏకధాటిగా లాగుతుంది. 16 ఆంప్స్ అని రాసి ఉన్నా, గంటల తరబడి నడిచే వాటికి దాంట్లో ఎనభై శాతం, అంటే 13 ఆంప్స్ లోపే ఉంచుకోవడం మంచిది. అందుకే కారు విషయం విడిగా చెబుతాను.

చివరగా ఒకేసారి నడిచేవన్నీ కలపండి. చలికాలం పొద్దున గీజరు, ఇండక్షను, ఇస్త్రీ ఒకేసారి నడిస్తే 5000 వాట్లు, అంటే 22 ఆంప్స్. మీ కరెంటు బిల్లు తీసి కాంట్రాక్టెడ్ లోడ్, అంటే మీకు మంజూరైన వాడకం హద్దు, ఎన్ని కిలోవాట్లో చూడండి. పాత ఇళ్ళలో 1 కిలోవాటే ఉండిపోయి ఉంటుంది. అలా ఉంటే ముందు మీ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్ళ దగ్గర లోడ్ పెంచుకోవాలి. అవసరమైతే స్తంభం నుంచి వచ్చే సర్వీస్ వైరు కూడా మారుతుంది. ఇది దాటేసి లోపల ఎంత మంచి లైన్ వేసినా, వేసవిలో మీటర్ దగ్గర వైరు కాలడం ఖాయం.

డీబీ తలుపు తీయండి

తలుపు మాత్రమే, లోపలి ప్లేటు కాదు. మూడు విషయాలు చూడాలి.

ఖాళీ ఉందా? కొత్త లైన్‌కి కొత్త ఎంసీబీ కావాలి. దానికి ఒక గడి ఖాళీ ఉండాలి. లేకపోతే చిన్న డీబీ ఒకటి పక్కన పెట్టించండి, లేదా పాతది మార్పించండి. "ఉన్న ఎంసీబీ కిందే ఇంకో వైరు దూరుద్దాం సార్" అంటే ఒప్పుకోకండి. రెండు లైన్లు ఒకే ఎంసీబీ మీద ఉంటే అది దేన్నీ సరిగ్గా కాపాడదు.

ఎంసీబీల మీద ఏం రాసి ఉంది? C16, C20 అని ఉంటుంది, ఆ అంకె ఆంప్స్. ఇది చాలామంది తలకిందులుగా అర్థం చేసుకునే విషయం. ఎంసీబీ ఉన్నది వస్తువుని కాపాడటానికి కాదు, గోడలో ఉన్న వైరుని కాపాడటానికి. అమ్మ వంటింటి లైన్ మీద ఎవరో ఎప్పుడో, తరచూ పడిపోతోందని, 10 ఆంప్స్ తీసేసి 20 ఆంప్స్ పెట్టారు. 20 దాటితే గాని అది పడదు. 1 స్క్వేర్ వైరు పన్నెండు దాటగానే ఉడకడం మొదలుపెడుతుంది. స్టవ్ 9, ఫ్రిజ్ 1, మధ్యలో మిక్సీ 3. ఎంసీబీ దృష్టిలో అంతా బాగానే ఉంది. వైరు మాత్రం రోజూ కొంచెం కొంచెంగా మాడింది. ఎంసీబీ పడిపోతుంటే పెద్దది పెట్టడం అంటే జ్వరం వస్తోందని థర్మామీటర్ పగలగొట్టడమే. డీబీ బదులు ఇంకా పింగాణీ ఫ్యూజులే ఉంటే, కొత్త పాయింటు ఆలోచన పక్కన పెట్టి ముందు డీబీ వేయించండి.

ఆర్‌సీసీబీ ఉందా? ఎంసీబీ కన్నా వెడల్పుగా ఉండి, ముందువైపు 'టి' అని రాసిన చిన్న బటన్ ఉంటుంది. దానిమీద 30 ఎంఏ అని ఉండాలి. మనిషికి షాక్ కొట్టినప్పుడు క్షణంలో కరెంటు తెంచేది ఇదే. ఎంసీబీ ఆ పని చేయదు. గీజరున్న ఇంట్లో ఇది లేకుండా ఉండటం నాకు నచ్చదు. ఆర్‌సీసీబీ ఓవర్‌లోడ్‌ని పట్టించుకోదు, కాబట్టి రెండూ కావాలి.

ఎర్త్ లేకపోతే అక్కడే ఆగండి

పెద్ద ప్లగ్గులో లావుగా, పొడుగ్గా ఉండే మూడో పిన్ను అలంకారానికి పెట్టలేదు. గీజర్ లోపల కాయిల్ పగిలితే ఆ కరెంటు నీళ్ళలోంచి మీ దాకా రాకుండా నేలలోకి పోయే దారి అది. పాత ఇళ్ళలో బోర్డుల దాకా ఆకుపచ్చ వైరు రాకపోవడం మామూలే. వచ్చినా, పెరట్లో ఎర్త్ గుంట ఎక్కడుందో ఇంటివాళ్ళకి గుర్తుండదు. రెండున్నర మీటర్ల జీఐ పైపు, బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన గుంట అది. వేసవిలో దానికి అప్పుడప్పుడు బిందెడు నీళ్ళు పోయాలి. మా నాన్నగారు ఆ గుంట మీద గచ్చు చేయించి, దానిమీద తులసికోట కట్టించారు. పోనీలెండి, తులసికి పోసిన నీళ్ళు ఎర్త్‌కీ అందాయి.

ఇక్కడ ఒక మాట మీకు వినిపించే అవకాశం చాలా ఉంది: "ఎర్త్ లేదు సార్, న్యూట్రల్‌కి కలిపేస్తాను, ఏం కాదు." కరెంటు తెచ్చే వైరు ఫేజ్, అది తిరిగి వెళ్ళేది న్యూట్రల్. సాకెట్ వెనక ఎర్త్ స్క్రూ నుంచి న్యూట్రల్ స్క్రూకి చిన్న వైరు ముక్క వేసేస్తారు. ఏదో ఒకరోజు న్యూట్రల్ ఎక్కడైనా వదులైతే ఫేజ్ కరెంటు ఆ ముక్క గుండా నేరుగా గీజర్ బాడీ మీదికి, వాషింగ్ మెషీన్ రేకు మీదికి వచ్చి కూర్చుంటుంది. ఎర్త్ అసలు లేకపోవడం కన్నా ఇది ప్రమాదం. ఆ ముక్క వేశారో లేదో చూడటానికే నేను సాకెట్ బిగించే ముందు వెనకవైపు ఫోటో తీసుకుంటాను.

దారి ఎటు

డీబీ నుంచి కొత్త పాయింట్ దాకా వైరు ఎలా వెళ్తుందో ఎలక్ట్రీషియన్‌తో కలిసి గోడల వెంట నడిచి చూడండి. మూడు దారులున్నాయి. ఉన్న కన్సీల్డ్ పైపులోనే స్ప్రింగ్ దూర్చి లాగడం ఒకటి. గోడ మీద కేసింగ్ పట్టీ కొట్టి తీసుకెళ్ళడం ఇంకోటి. గోడకి గాడి కొట్టి కొత్త పైపు వేయడం మూడోది.

పైపులో ఖాళీ ఉంటే మొదటిదే తేలిక. కానీ ఇప్పటికే అయిదారు వైర్లు కుక్కి ఉన్న పైపులో ఇంకో మూడు తోస్తే రెండు నష్టాలు. లాగేటప్పుడు పాత వైరు తొడుగు గీరుకుపోతుంది. ఆ తర్వాత అన్నీ కలిసి వేడెక్కి, ఒక్కోటి మోయగలిగే కరెంటు తగ్గిపోతుంది. అలాంటప్పుడు కేసింగ్ పట్టీయే మేలు. అందంగా ఉండదని ఆడవాళ్ళు ఒప్పుకోరంటారు గాని, మా ఇంట్లో వద్దన్నది నాన్నగారే. అమ్మ మాత్రం, "చేపల కంపు కన్నా పట్టీ నయం" అంది. గాడి కొట్టేట్టయితే నిలువుగానో అడ్డంగానో తిన్నగా కొట్టించండి, ఐమూలగా వద్దు. రేపు ఎవరో ఫోటోకి మేకు కొడతారు. మూసేముందు పక్కన టేపు పెట్టి ఫోటో తీసి దాచుకోండి.

"దగ్గర్లో ఉన్న బోర్డు నుంచి లూప్ తీసేద్దాం, రెండు మీటర్ల వైరుతో అయిపోతుంది" అనే మాట కూడా వస్తుంది. 6 ఆంప్స్ పాయింటుకైతే పర్వాలేదు. 16కి వద్దు. గీజర్‌కి ఒకటి, ఏసీకి ఒకటి, వంటింట్లో ఇండక్షన్‌కి ఒకటి అన్నట్టు దేని లైన్ దానికి డీబీ నుంచి రావాలి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో లూప్‌తో ఇంకో తంటా ఉంది. ఆ బోర్డు ఇన్వర్టర్ లైన్ మీదిదైతే, కరెంటు పోయిన మరుక్షణం మీ గీజర్ బ్యాటరీ మీద పడుతుంది.

బజారుకి

వైరు విషయంలో నా లెక్క సింపుల్‌గా ఉంటుంది. గీజర్, ఇండక్షన్, వాషింగ్ మెషీన్‌కి 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. పైపులో ఉన్నా దాదాపు 20 ఆంప్స్ మోస్తుంది. ఏసీకీ, 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్‌కీ, డీబీకి చాలా దూరంగా ఉన్న పాయింట్‌కీ 4 స్క్వేర్. షాపులో పెద్దవాళ్ళెవరైనా ఉంటే 3/20, 7/20 అంటారు. మొదటిది 2.5కి కొంచెం తక్కువ, రెండోది 4కి కొంచెం ఎక్కువ అనుకోండి.

వైరు తొడుగు మీద సైజు, ఐఎస్ఐ గుర్తు, IS 694 అని అచ్చువేసి ఉంటాయి. చుట్ట 90 మీటర్లు. మనకి కావలసింది పదిహేను మీటర్లే కాబట్టి షాపువాడు చుట్టలోంచి కోసి ఇస్తాడు. అప్పుడు చివర ఒక అంగుళం ఒలిచి పోగులు లెక్కపెట్టండి, నవ్వితే నవ్వనివ్వండి. 0.3 ఎంఎం పోగుల వైరైతే 1 స్క్వేర్‌కి 14, ఒకటిన్నరకి 22, రెండున్నరకి 36, నాలుగుకి 56 ఉంటాయి. ఇదే లెక్కతో ఇంట్లో గోడలోంచి వచ్చిన పాత వైరు ఏ సైజో కూడా తేల్చుకోవచ్చు. ఆ పని మాత్రం మెయిన్ ఆపాక ఎలక్ట్రీషియన్ చేత.

ఎరుపు, నలుపు, ఆకుపచ్చ మూడు రంగులూ కొనండి. ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. "ఒకే రంగు మూడు ముక్కలు వేసి టేపు చుడదాం" అంటే అయిదేళ్ళ తర్వాత ఆ టేపు ఊడిపోయాక బోర్డు విప్పేవాడి సంగతి ఆలోచించండి. న్యూట్రల్ కూడా ఫేజ్ ఎంత మందమో అంతే ఉండాలి. రెంటిలోనూ పారేది ఒకటే కరెంటు.

ఎంసీబీ 2.5 వైరుకి C16. 4 స్క్వేర్ వేసినా, చివర ఉన్నది 16 ఆంప్స్ సాకెట్టే కాబట్టి నేను C16నే పెట్టిస్తాను. ఏసీ స్టార్టయ్యేటప్పుడు ఊరికే పడుతోందంటే 4 స్క్వేర్ మీద C20 దాకా వెళ్ళొచ్చు. గీజర్‌కి సాకెట్ కన్నా 20 ఆంప్స్ డీపీ స్విచ్ మేలు. అది ఫేజ్, న్యూట్రల్ రెంటినీ ఒకేసారి తెంచుతుంది, ఎర్ర లైటు వెలుగుతుంటుంది కాబట్టి మరిచిపోయి వదిలేయరు. దాన్ని బాత్రూమ్ బయట పెట్టించండి.

పెద్ద ప్లగ్గుని చిన్న సాకెట్లో దూర్చడానికి బజార్లో కన్వర్షన్ ప్లగ్గులు దొరుకుతాయి. ఇంట్లో ఉంటే పారేయండి. దాచిపెడితే ఎవరో ఒకరు వాడతారు.

పని జరిగే రోజు

పగలు పెట్టుకోండి, ఆరోజు కరెంటు ఉండదు. మెయిన్ ఆపగానే అంతా ఆగిందనుకోవద్దు. ఇన్వర్టర్ బుద్ధిగా లైట్లకి, ఫ్యాన్లకి 230 వోల్టులు పంపుతూనే ఉంటుంది. దాన్ని కూడా ఆపి, దాని నుంచి డీబీకి వచ్చే లైన్ విప్పించండి. అపార్ట్‌మెంట్ అయితే జనరేటర్ లైన్ వేరే ఉంటుంది, వాచ్‌మన్‌కి చెప్పి అదీ ఆపించండి. ఆ తర్వాత టెస్టర్‌ని ముందు ఎక్కడైనా కరెంటు ఉన్న చోట పెట్టి వెలుగుతోందో లేదో చూసి, అప్పుడు డీబీలో పెట్టి చూడమనండి. పాడైపోయిన టెస్టర్ ఎక్కడ పెట్టినా వెలగదు కదా.

మెయిన్ దగ్గర పిల్లలెవరూ చేయి వేయకుండా ఒక టేపు ముక్క అతికించండి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకసారి పైన పని జరుగుతుంటే, లిఫ్ట్ ఆగిందని కింద ఎవరో మెయిన్ వేసేశారు. అదృష్టం, ఆ క్షణానికి ఎలక్ట్రీషియన్ టీ తాగుతున్నాడు.

డీబీ దగ్గర మీరు కనిపెట్టుకుని చూడాల్సింది న్యూట్రల్. కొత్త లైన్ ఫేజ్ ఏ ఆర్‌సీసీబీ వెనక ఎంసీబీ నుంచి వస్తోందో, న్యూట్రల్ కూడా అదే ఆర్‌సీసీబీ కింద ఉన్న లింక్‌లోకి వెళ్ళాలి. దగ్గరగా ఉంది కదా అని ఇంకో గది న్యూట్రల్‌కి కలిపేస్తే, గీజర్ వేసిన ప్రతిసారీ ఇంట్లో కరెంటు పోతుంది. అప్పుడు ఆర్‌సీసీబీ పాడైందని దాన్నే పీకేస్తారు. త్రీ ఫేజ్ ఇంట్లో అయితే గీజరూ ఏసీ ఒకే ఫేజ్ మీద పడకుండా పంచమనండి.

సాకెట్ దగ్గర చూడాల్సింది స్క్రూ. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన కాలిన సాకెట్లలో సగానికి పైగా కారణం ఇదే. వైరు చివర ఒక అర అంగుళం ఒలిచి, పోగుల్ని గట్టిగా మెలేసి, వీలైతే లగ్ (చివర తొడిగే లోహపు టోపీ) వేసి నొక్కి, కన్నంలోకి దూర్చి స్క్రూ బిగించాలి. ఒక్క పోగు కూడా బయట వేలాడకూడదు. తొడుగు స్క్రూ కింద పడకూడదు. బిగించాక వైరుని పట్టి లాగితే కదలకూడదు. వదులుగా ఉన్న చోట పదోవంతు ఓం అడ్డు ఉన్నా చాలు. 13 ఆంప్స్ పారితే 13 ఇంటూ 13 ఇంటూ 0.1, దాదాపు 17 వాట్ల వేడి పుడుతుంది. మన పాత జీరో బల్బు తినేది అటూ ఇటూగా అంతే. దాన్ని చేత్తో పట్టుకోలేం. ఇక్కడ అంత వేడి శనగగింజంత చోట, గాలి ఆడని బాక్సులో, గంటలకొద్దీ ఉంటుంది. ఆ వేడికి స్క్రూ ఇంకాస్త వదులవుతుంది.

పాత పెట్టెలోనే కొత్త సాకెట్ ఇరికించకుండా లోతున్న బాక్స్ వేయించండి. 2.5 వైర్లు మొండిగా ఉంటాయి, ఇరుకు పెట్టెలో మడతపెట్టి నొక్కితే స్క్రూ దగ్గరే ఒత్తిడి పడుతుంది.

పరీక్ష చేయకుండా డబ్బులివ్వద్దు

ముందు సాకెట్‌కి ఎదురుగా నిలబడండి. పైన లావు కన్నం ఎర్త్, కింద కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్. టెస్టర్ కుడి కన్నంలోనే వెలగాలి, స్విచ్ ఆపితే ఆరిపోవాలి. ఆపినా వెలుగుతోందంటే స్విచ్ న్యూట్రల్‌లో పడింది, లేదా వైర్లు అటుదిటు అయ్యాయి.

తర్వాత మల్టీమీటర్‌తో ఎలక్ట్రీషియన్‌ని చూడమనండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 దగ్గర్లో, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్యా అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకుండా రావాలి. అయితే మీటర్‌ని నమ్మి సరిపెట్టుకోవద్దు. మీటర్ కరెంటేమీ లాగదు కాబట్టి, ఎర్త్ వైరు వెంట్రుకంత తగులుతున్నా 230 చూపించేస్తుంది. అందుకే పాతకాలం టెస్ట్ ల్యాంప్ అంటే నాకు గౌరవం. 100 వాట్ల బల్బుని ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య పెడితే, ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో అది వెంటనే పడిపోవాలి. పడిందంటే ఎర్తూ ఉంది, ఆర్‌సీసీబీ పనిచేస్తోంది. ఆర్‌సీసీబీ లేని ఇంట్లో బల్బు న్యూట్రల్‌తో వెలిగినంత కాంతితోనే వెలగాలి. మిణుకుమిణుకుమంటే ఎర్త్ గుంట దగ్గరికి వెళ్ళాల్సిందే.

చివరి పరీక్ష మీరే చేయొచ్చు. స్టవ్ మీద నీళ్ళ గిన్నె పెట్టి ఫుల్లుగా అరగంట నడపండి. తర్వాత స్విచ్ ఆపి, ప్లగ్గు లాగి, పిన్నులు ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సరే. చురుక్కుమంటే లోపల ఏదో స్క్రూ వదులుగా ఉంది, ఎలక్ట్రీషియన్ మెట్లు దిగకముందే వెనక్కి పిలవండి. వారం తర్వాత ఒకసారి, వేసవి మొదట్లో ఒకసారి ఇదే చేయండి. ఆర్‌సీసీబీ మీద 'టి' బటన్ నెలకోసారి నొక్కండి. బిల్లు కట్టే రోజు అని పెట్టుకుంటే గుర్తుంటుంది.

కారు విషయం

పార్కింగ్‌లో ఒక 16 ఆంప్స్ సాకెట్ ఉంది కదా అని కారు పెట్టేస్తున్నారు. 14 ఆంప్స్ ఏడెనిమిది గంటలు ఏకధాటిగా లాగే పనికి ఇంటి సాకెట్ చివరి హద్దులో పనిచేస్తున్నట్టు లెక్క. దూరం కూడా తోడవుతుంది. డీబీ నుంచి పార్కింగ్‌కి 30 మీటర్లనుకుంటే, పోనూ రానూ 60 మీటర్ల 2.5 వైరులోనే ఆరేడు వోల్టులు పోతాయి. ఆ పోయిందంతా వైరులో వేడే. ఛార్జర్‌లో 10 ఆంప్స్‌కి తగ్గించుకునే వీలుంటే తగ్గించండి. కుదిరితే సాకెట్ మాట మరిచిపోయి, 6 స్క్వేర్ వైరుతో విడి లైన్, గోడకి బిగించే ఛార్జర్ పెట్టించండి. స్కూటర్ ఛార్జర్‌కి ఈ గోల లేదు, అది వెయ్యి వాట్లు దాటడం తక్కువ.

లండన్‌లో ఉన్నవాళ్ళకి

ఇంగ్లండ్‌లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు ఇక్కడి అనుభవంతో అక్కడ గోడ విప్పితే తికమకపడతారు. మన దగ్గర లైన్ డీబీ నుంచి కొమ్మలా వెళ్ళి సాకెట్ దగ్గర ఆగిపోతుంది. వాళ్ళ దగ్గర 32 ఆంప్స్ బ్రేకర్ నుంచి బయల్దేరిన 2.5 కేబుల్ ఇంట్లో సాకెట్లన్నీ చుట్టి, మళ్ళీ అదే బ్రేకర్‌కి తిరిగొస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రాగి దొరకని రోజుల్లో, తక్కువ తీగతో ఎక్కువ సాకెట్లకి కరెంటివ్వడానికి పట్టిన దారి ఈ రింగ్. 1947లో వచ్చిన, లోపల ఫ్యూజు ఉండే 13 ఆంప్స్ ప్లగ్గు దీనికోసం పుట్టిందే. మనం ఇప్పటికీ వాడుతున్న గుండ్రటి పిన్నులు అంతకుముందు వాళ్ళు వాడి వదిలేసినవి.

ఆ రింగ్‌లో ఒకచోట వైరు తెగినా ఏ సాకెట్టూ ఆగదు, అన్నిటికీ రెండోవైపు నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది. ఇంట్లోవాళ్ళకి తెలియదు. కానీ ఇప్పుడు రెండు వైపులా పంచుకోవాల్సిన 32 ఆంప్స్ ఒక్క 2.5 కేబుల్ మీదే పడొచ్చు. బ్రేకర్‌కి అది తప్పుగా కనిపించదు. అమ్మ వంటింట్లో జరిగిందీ ఇలాంటిదే. అందుకే అక్కడ రింగ్ మీద 13 ఆంప్స్‌కి మించిన సాకెట్ పెట్టే ప్రశ్నే లేదు. కుక్కర్, షవర్, కారు ఛార్జర్ దేనికైనా కన్స్యూమర్ యూనిట్ (వాళ్ళ డీబీ) నుంచి విడి రేడియల్ లైన్, అంటే మన కొమ్మలాంటిది, రావాలి. అలా కొత్త సర్క్యూట్ వేస్తే అక్కడి భవన నిబంధనల్లోని పార్ట్ పీ కింద రిజిస్టరైన ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ ఇస్తాడు, ఇల్లు అమ్మేటప్పుడు అడుగుతారు, దాచుకోండి. ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళిన గ్రైండర్ల ప్లగ్గు కోసి, సరైన ఫ్యూజుతో 13 ఆంప్స్ ప్లగ్గు వేయించుకుంటే సరి. అడాప్టర్ మీద అడాప్టర్ వద్దు.

ఆఖరి పని

డీబీలో కొత్త ఎంసీబీ కింద "వంటిల్లు - స్టవ్" అని చీటీ అతికించండి, తెలుగులోనే. రాత్రిపూట కంగారులో వెతికేది ఇంట్లోవాళ్ళే. దాని పక్కనే వైరు సైజు కూడా రాస్తే, రేపు ఎవరైనా పెద్ద ఎంసీబీ పెట్టబోతే ఆలోచిస్తారు.

తర్వాత పాత బోర్డు దగ్గరికి వెళ్ళండి. సన్న వైరు మీద బిగించిన ఆ పెద్ద సాకెట్ ఇంకా అక్కడే ఉంటే తీయించేసి, మాడిన వైరు కత్తిరించి, మళ్ళీ 6 ఆంప్స్‌ది పెట్టించండి. ఆ లైన్‌కి తగ్గ చిన్న ఎంసీబీ వేయించండి. లేకపోతే పండక్కి వచ్చిన చుట్టాలెవరో అందులో హీటర్ పెడతారు. మా ఇంట్లో ఇప్పుడు అక్కడ మిక్సీ ఒక్కటే నడుస్తోంది.